వైదేహి గారి చిన్న కారు ఫెయిలైన మూడు వారాలు

డార్ట్‌మత్‌లో ఉండే వైదేహి గారు హార్బరుకి అవతల హాలిఫాక్స్‌లో ఒక ఆసుపత్రిలో పెథాలజిస్టుగా పనిచేసి రిటైరయ్యారు. ఉద్యోగంలో చేరిన ఏడాది కొన్న చిన్న జపాన్ కారు మాత్రం ఇంకా రిటైరవలేదు. నాలుగు లక్షల కిలోమీటర్లకి దగ్గర పడింది. గేర్లు చేత్తో మార్చాలి, అద్దాలు చేత్తో తిప్పి దించాలి. మంచు గడ్డకట్టకుండా చలికాలమంతా రోడ్ల మీద చల్లే ఉప్పుకి ఇక్కడ పదేళ్లకే కార్ల అడుగులు తుప్పు పట్టి రాలిపోతుంటాయి. వైదేహి గారు ఏటా మంచు పడకముందే కారు అడుగున నూనె కొట్టిస్తారు, మంచు కరగగానే కడిగిస్తారు. ఒకసారి తలుపు కింద చిన్న తుప్పు పెచ్చు కనిపిస్తే గీరి తీసి, ల్యాబ్‌కి పట్టుకెళ్లి మైక్రోస్కోపు కింద పెట్టి చూశారు.

"పైపైదే. లోపలికి పాకలేదు," అని ఇంటికొచ్చి భర్తకి రిపోర్టు చెప్పారు.

భర్త సీతారామారావు గారు ఇంజనీరింగ్ ప్రొఫెసరుగా చేసిన మనిషి. ఆయనకో పెద్ద ఎస్‌యూవీ ఉంది. దాని సీట్లు వెచ్చబడతాయి, రోడ్డు మీద గీత దాటితే కారే మందలిస్తుంది. దాని పక్కన ఈ చిన్నది నిలబడి ఉంటే ఆయనకి మహా చిన్నతనంగా ఉండేది. కానీ ఒక్కసారి కూడా దారిలో ఆగని కారుని ఏమని తిట్టగలరు?

మొన్న ఉగాది పార్టీకి ఇద్దరూ ఆ కారులోనే వెళ్లారు. తిరిగి బయల్దేరుతుంటే, కొత్తగా హైదరాబాద్ నుంచి వచ్చిన శ్రీరామ్ అనే సాఫ్ట్‌వేర్ ఇంజనీరు పార్కింగ్‌లో దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు.

"ఆంటీ, ఏమీ అనుకోకండి. నాకు తెలిసిన డీలర్ ఒకాయన ఉన్నాడు. ఈ దేశంలో కొత్తగా ల్యాండైనవాళ్లకి క్రెడిట్ హిస్టరీ లేకపోయినా లోన్ మీద మంచి కారు ఇప్పిస్తాడు. నేను మాట్లాడతా."

"చాలా థాంక్స్ బాబూ. మేమొచ్చి ముప్పై ఏళ్లేగా, ఇంకా సెటిలవుతున్నాం," అన్నారు వైదేహి గారు, మొహంలో నవ్వు రానివ్వకుండా.

సీతారామారావు గారికి తల కొట్టేసినట్టయింది. మర్నాడు టొరంటోలో ఉన్న కూతురు వర్షిణికి ఫోన్ చేసి, అమ్మ చేత ఆ కారు అమ్మించమన్నారు.

"నో ఛాన్స్ డాడీ. షీ లవ్స్ దట్ కార్ మోర్ దాన్ మీ," అంది వర్షిణి. "మెకానిక్ చెప్తే వింటుందేమో."

ఆ మాట ఆయనకి బాగా పట్టింది. వాళ్లుండే నోవా స్కోషియా రాష్ట్రంలో రెండేళ్లకోసారి కారుకి సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ చేయించాలి. పాసైతే అద్దానికి స్టికర్ అంటిస్తారు. చిన్న కారు గడువు ఆ నెలాఖరే. సీతారామారావు గారు వంటింట్లోంచి ఒక డబ్బా సున్నుండలు తీసుకుని, ఇరవై ఏళ్లుగా ఆ కారుని చూస్తున్న గోర్డ్ అనే ముసలి మెకానిక్ దగ్గరికి వెళ్లారు. ఈసారి ఎలాగైనా దాన్ని ఫెయిల్ చెయ్యమని బతిమాలారు. గోర్డ్ ఒక ఉండ నోట్లో వేసుకుని తల ఊపాడు. ఆయన అటు వెళ్లగానే వైదేహి గారికి ఫోన్ చేశాడు.

"డాక్టర్, మీరు చేసిన లడ్డూలతోనే మీ ఆయన నాకు లంచమిచ్చి వెళ్లాడు."

వైదేహి గారు కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వారు.

"నువ్వు నీ పని సరిగ్గా చెయ్యి గోర్డ్. పాసైతే స్టికర్ అంటించి నీ షెడ్డులోనే ఉంచు. ఆయన వచ్చి అడిగిన రోజున నిజం చెప్పు."

ఇన్‌స్పెక్షన్‌కి కారుని ఇచ్చిన రోజు సాయంత్రం ఆవిడ టాక్సీలో ఇంటికొచ్చి సోఫాలో కూలబడ్డారు.

"నా కారు ఇంక ఇంటికి రాదేమోనండీ."

"అయ్యయ్యో!" అన్నారాయన, కాస్త ఎక్కువ హుషారుగా. "పోనీలే, కొత్తది చూద్దాం."

"ఈ వయసులో రెండు కార్లెందుకండీ? మీదే వాడుకుంటాను."

ఆయన దీన్ని ఊహించలేదు. మర్నాడు పొద్దున్నే ఎస్‌యూవీ సీటు ముందుకి జరిగింది, అద్దాలన్నీ ఆవిడ ఎత్తుకి వంగాయి. సోమవారం నుంచి శుక్రవారం దాకా స్నేహితురాళ్లని ఎక్కించుకుని తిరిగారు. శనివారం బీచికి వెళ్లి, పెరట్లో మళ్లకి ఎరువుగా పనికొస్తుందని, రెండు బస్తాల సముద్రపు నాచు వెనక సీట్ల మీద వేసుకొచ్చారు. ఒక బస్తా కారింది. చేపల మార్కెట్టు వాసన వెచ్చటి సీట్లలోంచి పొగలుగా లేచింది. సీతారామారావు గారు చెస్ క్లబ్బుకి బస్సెక్కి, ఫెర్రీ ఎక్కి వెళ్లారు. ఏప్రిల్ వాన అడ్డంగా కొట్టింది. రెండు వారాల్లో రెండు గొడుగులు విరిగాయి.

మూడో వారం ఆయన తడిసిన కోటుతో గోర్డ్ షెడ్డులో నిలబడ్డారు.

"ఏదోలా దాన్ని పాస్ చెయ్యవయ్యా."

గోర్డ్ వెనక తలుపు తెరిచాడు. చిన్న కారు తళతళలాడుతూ ఉంది, అద్దం మీద కొత్త స్టికర్.

"మొదటి రోజే పాసైంది ప్రొఫెసర్. మీరు వచ్చేదాకా ఉంచమన్నారు డాక్టర్."

సీతారామారావు గారికి ముందు కోపమొచ్చింది, ఆ తర్వాత సిగ్గేసింది. తాళం తీసుకుని తనే నడుపుకుంటూ ఇంటికొచ్చారు. వైదేహి గారు గుమ్మంలోనే ఉన్నారు.

"దారిలో ఎన్నిసార్లు ఆగింది?"

"కారు ఆగలేదు. నేనే ఆపాను. రెండుసార్లు."

"నిజం చెప్పండి."

"ఐదు. క్లచ్ మర్చిపోయానే. వెనక బస్సువాడు హారన్ కొట్టి చంపేశాడు." ఆయన గొంతు తగ్గించారు. "నీకు మొదట్నుంచీ తెలుసా?"

"డబ్బాలో సున్నుండలు వాటంతటవే నడిచి వెళ్లవు కదండీ," అన్నారావిడ.

ఆ ఆదివారం ఖాళీగా ఉన్న ఒక స్కూలు పార్కింగ్‌లో వైదేహి గారు పక్క సీట్లో కూర్చుని ఆయనకి క్లచ్ నేర్పించారు. కారు కప్పలా గెంతుతుంటే ఇద్దరూ పోట్లాడుకున్నారు. వీడియో కాల్‌లో వర్షిణి, "మామ్, స్టాప్ యెల్లింగ్ ఎట్ హిమ్!" అని అరుస్తూనే ఉంది.