గొంతు ఎవరిదో వాళ్ళనే అడగమన్న సార్

సార్ పోయారన్న సంగతి నాకు మరిపెడ బస్టాండులో తెలిసింది. ఫోన్ మీద సార్ పేరే కనిపించింది కాబట్టి ఎప్పటిలాగే "చెప్పండి సార్" అన్నాను. అవతల మాట్లాడింది అమ్మ, అంటే సార్ భార్య. "మీ సార్ ఇంక చెప్పడు బిడ్డా. పొద్దుగాల చాయ్ తాగుకుంటనే పోయిండు. ఊరికి తీస్కపోతున్నం" అంది. ఆమె ఏడవలేదు. నాకూ ఏడుపు రాలేదు. "వస్తున్న అమ్మా" అన్నాను. బస్సెక్కాక కండక్టర్ ఎక్కడికని అడిగితే, సార్ ఊరి దగ్గరి పాలకుర్తి అని చెప్పాల్సినదాన్ని జనగామ అని చెప్పాను. ఆయన జనగామలో లేరన్నది నోటికి ఇంకా తెలియలేదు.

ఇది చదివేవాళ్ళలో సార్ ఎవరో తెలియనివాళ్ళే ఎక్కువగా ఉంటారు. జనగామలో డిగ్రీ పిల్లలకు స్టాటిస్టిక్స్ చెప్పి రిటైరయ్యారు. నేనూ ఆ పిల్లల్లో ఒకదాన్ని. రిటైరయ్యాక ఇంటిపట్టున ఉంటారనుకుంటే, దేశానికి సొంత కృత్రిమ మేధ వ్యవస్థ ఎలా కట్టుకోవాలో ప్రభుత్వానికి సలహా చెప్పే సంఘంలోకి ఆయన్ను తీసుకున్నారు. ఆ సంఘంలో కంప్యూటర్ల గురించి చెప్పేవాళ్ళు వేరు, కంపెనీల గురించి చెప్పేవాళ్ళు వేరు. పల్లెల్లో మాట్లాడే భాషలను మిషన్‌కు ఎలా నేర్పాలో, అందుకు జనం గొంతులను ఎలా సేకరించాలో చెప్పే పని సార్‌ది. ఆ పద్ధతి పనిచేస్తుందో లేదో చూడటానికి మహబూబాబాద్‌లో ఒక చిన్న కేంద్రం తెరిచారు. సార్ మమ్మల్ని కొంతమందిని పోగేసి ఊళ్ళమీదికి, తండాలమీదికి తోలారు.

మాది మరిపెడ పక్కన తండా. ఇంట్లో లంబాడీ, గడప దాటితే తెలుగు. నన్ను పనిలోకి తీసుకున్న రోజు సార్ అన్న మాట: "నీకు రెండు నోర్లున్నయి. రెండిట్ల ఒక్కటన్న మూతవడంగ నేను సూడలే." ఆయనకు ముక్కుమీద కోపం, నాకు నాలుక చివర కోపం. అందుకే మాకు బాగా కుదిరింది.

చాయ్‌ని సాసర్‌లో పోసుకుని, దాన్ని ఊదే లోపు ఎదుటివాళ్ళను పూర్తిగా మాట్లాడనిచ్చేవారు. సాసర్ ఖాళీ అయిందంటే మన వంతు అయిపోయినట్టే. సంఘం వాళ్ళతో వీడియోలో మాట్లాడేటప్పుడు కూడా ఇంట్లో మాట్లాడినట్టే మాట్లాడేవారు. ఒకసారి ఆయన "గిట్ల గాదు సారూ" అనగానే అవతల ఒకాయన కిసుక్కున నవ్వాడు. సార్ ఆగిపోయారు. "మీరు నవ్వుడు అయినంక చెప్త" అని సాసర్ చేతిలోకి తీసుకున్నారు. ఆ తర్వాత ఆ సమావేశాల్లో ఎవరూ నవ్వలేదు.

ఇంకొక మాట కూడా అప్పుడే అన్నారు. అందరూ ఎన్ని కంప్యూటర్లు కొనాలో, ఎక్కడ పెట్టాలో వాదించుకుంటున్నారు. సార్ విని విని, "కంప్యూటర్లు టెండర్ పెడితే వస్తయి. మనుషుల నమ్మకానికి టెండర్ ఎవలు ఏస్తరు?" అన్నారు. ఆయనకు ఆ పదవి నప్పిందని నాకు అనిపించింది అక్కడే.

అలాంటి మనిషే ఒక తప్పు చేశారు. అది మా ప్రాంతం మనిషి మాత్రమే చేయగల తప్పు. గొంతు రికార్డు చేసే ముందు ఒక్కొక్కరి దగ్గర సంతకం తీసుకోవాలని మొదట్లో ఉండేది. ఆ కాగితాలు చూస్తేనే జనం భయపడేవారు. భూమి రాసివ్వమంటున్నారేమోనని ఒక ముసలాయన మమ్మల్ని కట్టె పట్టుకుని తరిమాడు కూడా. అప్పుడు సార్ ఊరి పద్ధతి పట్టారు. తండాలో పెద్ద అయిన నాయక్ సరే అంటే తండా సరే అన్నట్టే, ఊళ్ళో పెద్దమనిషి మాటిస్తే ఊరు మాటిచ్చినట్టే అని, ఆ సమ్మతి చాలునని సలహా రాశారు. సంఘం వాళ్ళు మెచ్చుకున్నారు. ఇది మన నేల పద్ధతి, దేశమంతా ఇలాగే చేద్దామన్నారు. పని కూడా పరుగెత్తింది. తండా పిల్లగా నాకు నాయక్ మాట విలువ తెలుసు కాబట్టి, నాకూ ఇందులో లోపం కనబడలేదు.

తర్వాత భూపాలపల్లిలో సభ పెట్టారు. సంఘం పెద్దలు వస్తారు, చుట్టుపక్కల తండాల పెద్దలందరినీ పిలుస్తారు, లంబాడీలో మాట్లాడింది అప్పటికప్పుడే తెలుగై తెర మీద పడటం అందరికీ చూపిస్తారు. అది చూపించడానికి హైదరాబాద్‌లో ఉన్నవాళ్ళు మా రికార్డింగుల్లోంచి ఒక ఆడమనిషి గొంతు ఎంచుకున్నారు. వాళ్ళకు లంబాడీ రాదు. గొంతు స్పష్టంగా, రాగంగా ఉంది కాబట్టి తండా పాట అనుకున్నారు. మొత్తం సభలో వినిపిస్తామని రాసి, దాని మొదటి ముక్కను ఆహ్వానంతో పాటు తండాల పెద్దలకు వాట్సాప్‌లో పంపారు.

అది పాట కాదు. మా దగ్గర ఇంట్లో చావు జరిగితే ఆడవాళ్ళు రాగం తీసి, మాటలు కట్టి ఏడుస్తారు. ఒంటరిగా ఏడవరు. వచ్చిన చుట్టం మెడ పట్టుకుని, ఆ మనిషికే చెప్పుకుంటూ ఏడుస్తారు. మనసులో ఉన్నదంతా అప్పుడే బయటికొస్తుంది. విన్నవాళ్ళు దాన్ని అక్కడే వదిలేయాలి, బయట ఎత్తకూడదు. మా బృందంలో లంబాడీ రాని ఒకతను నాయక్ అనుమతితో ఒక తండాకు వెళ్ళిన రోజు, కొడుకు పోయిన ఇంటికి చుట్టం పరామర్శకు వచ్చింది. సహజమైన మాట దొరికిందని అతను గడప బయటి నుంచే రికార్డర్ తీశాడు.

సభకు ముందురోజు పొద్దున, అలా ఏడ్చిన ఆ మనిషి, ఆమె చెల్లెలు మా కేంద్రానికి వచ్చారు. సార్ ఆ రోజు అక్కడే ఉన్నారు. ఆమె కుర్చీ మీద కూర్చోలేదు.

"నా కొడుకు సచ్చిపోయినంక నా చెల్లె మెడ వట్టుకోని ఏడ్సిన. గది మా నాయక్ ఫోన్ల ఎట్లొచ్చింది సారూ?" అంది.

సార్ నెమ్మదిగానే చెప్పారు. "నాయక్‌ను అడిగినమమ్మా. గాయన ఒప్పుకున్నడు."

"నాయక్ నా బర్రెను అమ్ముతనంటె కొంటరా? నన్ను అడగరా? మరి నా ఏడుపు గాయన ఎట్లిచ్చిండు?"

సార్ లేచి నిలబడ్డారు. చేతిలో సాసర్ అలాగే ఉంది.

చెల్లెలు మిగతాది చెప్పింది. ఆ ఏడుపులో, కొడుకు పోయిన దుఃఖంలో, ఈమె కోడలిని అనరాని మాట అంది. చెల్లెలు తప్ప ఆ మాట ఎవరూ వినలేదు. కోడలు ఆ వేళ బావి దగ్గర ఉంది. వాట్సాప్‌లో వచ్చిన ముక్కలో ఆ మాట లేదు. సభలో మొత్తం వేస్తారు, అది తెలుగై తెర మీద పడుతుంది. కోడలి పుట్టిల్లు భూపాలపల్లి దిక్కే. వాళ్ళ తండా పెద్దలు ముందు వరుసలో కూర్చుంటారు.

"గా గడియల అన్న సారూ" అని ఆమె మొదటిసారి గొంతు తగ్గించింది. "ఇయ్యాల గా పిల్లనే నాకు బువ్వ వెడుతున్నది. గది ఇంటె పోతది. పోతె నాకెవలున్నరు?"

ఆ ఏడుపు సభలో వేయొద్దని సార్ హైదరాబాద్‌కు ఫోన్ చేశారు. ఎత్తినవాళ్ళు పైవాళ్ళను అడగాలన్నారు. పైవాళ్ళు దారిలో ఉన్నామన్నారు. ఆ గొంతును మొత్తానికే తీసేయమంటే, "మిషన్ దాన్ని నేర్చేసుకుంది సార్, నేర్చినదాన్ని మరిపించడం కుదరదు" అన్నారు. సార్ ముఖం నేను అంతకుముందు ఎప్పుడూ అలా చూడలేదు.

మరునాడు భూపాలపల్లి దారి పొడుగునా కారులో ఆయన ఒకరి తర్వాత ఒకరికి ఫోన్ చేస్తూనే ఉన్నారు. అమ్మ నాతో పంపిన గుండె మాత్రలు ఇస్తే జేబులో వేసుకున్నారు తప్ప మింగలేదు. మేము చేరేసరికి హాలు నిండుతోంది. తెర కట్టారు. మైకులో ఆ మనిషి గొంతులోంచి ఒక చిన్న ముక్క, సౌండ్ సరిచూడటానికి, వినిపించి ఆగిపోయింది. తలపాగాలతో ముందు వరుసలో కూర్చున్న పెద్దలు ఆ గొంతుకు చెవి రిక్కించారు. సార్ ఆ వయసులో స్టేజీ మెట్లు పరుగెత్తి ఎక్కారు.

స్టేజీ వెనక గదిలో సంఘం పెద్దాయన, ఆ తండా నాయక్ ఉన్నారు. పెద్దాయన చెడ్డవాడేమీ కాదు. విషయం వినగానే, "ఆ క్లిప్ తీసేయండి, ఇంకొకటి వేయండి" అని చెప్పేశారు. నాకు ప్రాణం లేచొచ్చింది. ఇక వెళ్ళిపోదామనుకున్నాను. సార్ కదల్లేదు.

"నేను రాసిన సలహా గూడ తీసెయ్యాలె. పెద్దమనిషి ఒప్పుకుంటె చాలన్నది తప్పు. మనిషి మనిషినీ అడగాలె. ఇచ్చినోళ్ళు మల్ల వద్దంటె ఎనుకకు ఇచ్చే ఉపాయం జేసినంకనే మిషన్‌కు నేర్పాలె."

పెద్దాయన నవ్వబోయి ఆగారు. "గోటితో పోయేదానికి గొడ్డలి ఎందుకు సార్? ఆమె సమస్య తీరిపోయింది కదా. ఒక్కొక్కరినీ అడుగుతూ కూర్చుంటే ఏళ్ళు పడుతుంది. ఈలోపు మీ మహబూబాబాద్ కేంద్రం ఇంకో రాష్ట్రానికి పోతుంది. మీ యాస, ఈ తండాల భాష మిషన్‌లో లేకుండా పోతాయి. మీకు కావలసింది అదేనా?"

మా మాట ఎక్కడా లేదన్న బాధతోనే కదా సార్ ఈ పనిలోకి వచ్చారు. నాయక్ కూడా నొచ్చుకున్నాడు. "నా మాటకు ఇలువ లేదా సారూ?" అన్నాడు.

"ఉన్నది నాయక్. తండాల అడుగు వెట్టాల్నంటె నిన్నే అడుగుత. గొంతు గామెది." తర్వాత పెద్దాయన వైపు తిరిగారు. "గామెకు తెలిసింది గాబట్టి వచ్చింది. తెల్వనోళ్ళు ఎంతమందున్నరో మనకు తెల్వదు. నాకు మా మాట మిషన్ల వడాల్నని పానమంత ఉన్నది. గిట్ల వడుడు వద్దు."

ఆ రోజు సభలో ఏడుపు వినిపించలేదు. ఒక రైతు తన పత్తి గురించి మాట్లాడింది వేశారు. తర్వాత సార్ మైకు ముందుకొచ్చి, తాను రాసిన సలహా తప్పని, దాన్ని తానే కొట్టేస్తున్నానని తండా పెద్దలందరి ముందు చెప్పారు. చప్పట్లు కొట్టాలో వద్దో ఎవరికీ తెలియలేదు.

ఆ తర్వాత మహబూబాబాద్ కేంద్రం మూతపడింది. కూర్చున్న కొమ్మను నరికాడని మా వాళ్ళు సార్‌ను తిట్టుకున్నారు. నాకూ కోపం వచ్చింది, కొంచెం ఇప్పటికీ ఉంది. సంఘం నివేదికలో పెద్దమనిషి సమ్మతి మాట లేదు. మనిషి మనిషినీ అడగాలన్నదాన్ని కూడా ఒప్పుకోలేదు, పరిశీలనలో ఉందని మాత్రం రాశారు. సార్ చదివి, "పరిశీలన అంటె బతికే ఉన్నట్టు" అన్నారు. నేను చదువుకున్న చదువంతా ఒక ఎత్తు, ఆ స్టేజీ వెనక గదిలో ఆయన పక్కన నిలబడి నేర్చుకున్నది ఒక ఎత్తు. ఆయనకు ఈ మాట బతికుండగా చెప్పాను, అదొక్కటే నాకు తృప్తి. చెప్పినప్పుడు "సరే తియ్, చాయ్ వెట్టు" అన్నారు.

పాలకుర్తి దగ్గర ఆయన ఊరికి నేను చేరేసరికి వాకిలి నిండా జనం. అమ్మ ఒక మూల గోడకు ఆనుకుని కూర్చుంది. ఇంకా ఏడవలేదు. పొద్దు వాలుతుండగా ఆటోలో ఆ తండా అక్కాచెల్లెళ్ళు దిగారు. వాళ్ళకు ఎవరు చెప్పారో నాకు తెలియదు. ఆ మనిషి ఎవరినీ పలకరించకుండా నేరుగా వెళ్ళి అమ్మ ముందు కూర్చుని, మెడ చుట్టూ చేతులు వేసి, రాగం తీసింది. ఆ ఊళ్ళో అలవాటు లేని పద్ధతి కాబట్టి జనం నివ్వెరపోయారు. ఒకాయన ఫోన్ పైకెత్తాడు. చెల్లెలు వెళ్ళి అతని ఎదురుగా నిలబడింది, అతను దించేశాడు. ఆ భాష ముక్క రాని అమ్మ ఆమె భుజం మీద తలపెట్టి బావురుమంది.

చాలాసేపటికి ఇద్దరూ తెప్పరిల్లారు. అమ్మ కళ్ళు తుడుచుకుని నన్ను పిలిచింది. "ఏమన్నది బిడ్డా? మీ సార్ ముచ్చటేనా?"

నాకు ప్రతి మాటా అర్థమైంది. అయినా నేను ఆ మనిషి వైపు తిరిగి, చెప్పమంటావా అని మా భాషలో అడిగాను. ఆమె నన్ను చూసింది, వాకిట్లో జనాన్ని చూసింది, అమ్మ చేతిని తన ఒళ్ళోకి తీసుకుంది.

"చెప్పు. గామెకే. ఇంకెవ్వలకు వద్దు" అంది.

నేను మోకాళ్ళ మీద కూర్చుని, అమ్మ చెవి మీద పడ్డ జుట్టు పక్కకు తీసి, వంగాను.