మూడో పిలుపు

మొన్న మా కోడలు నా ఫోన్ చేతిలోకి తీసుకుని, పక్కన కూర్చుని, చంటిపిల్లకు చెప్పినట్టు ఒకటికి పదిసార్లు చెప్పింది. తెలియని నంబరు వస్తే ఎత్తవద్దట, పొరపాటున ఎత్తినా, కన్నకొడుకు గొంతే వినిపించి ఆపదలో ఉన్నానని ఏడ్చినా నమ్మవద్దట, మనవాళ్ల గొంతును అచ్చు దించేసి మాట్లాడే మోసగాళ్లు తయారయ్యారట. సరేనమ్మా అన్నాను గానీ, నాకిదేమీ కొత్త సంగతి కాదు. మనవాళ్ల గొంతుతో పిలిచి మనను ముంచే మనిషి ఒకతె ఉందని నాకు పదేళ్ల వయసులోనే తెలుసు. వరంగల్ చుట్టుపక్కల పెరిగిన నా ఈడువాళ్లకు ఆమె పేరు చెబితే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుందనుకుంటాను. ఆమె కామిని దెయ్యం.

మాది హసన్‌పర్తి దాటి, రోడ్డు దిగి, చాలాదూరం నడిచి పోవాల్సిన చిన్న పల్లె. డెబ్బైల మొదట్లో మా ఊరికి కరెంటు స్తంభాలు వచ్చాయి గానీ తీగలు రాలేదు, కామిని మాత్రం ఇంటింటికీ వచ్చేది. నడుము దాకా చూపు తిప్పుకోలేనంత అందగత్తె, తలనిండా మల్లెలు, కింద మాత్రం మేక కాళ్లు, గిట్టలు. అందుకే ఊళ్లోకి కొత్త ఆడమనిషి వస్తే పిల్లలం మొహం కన్నా ముందు కాళ్లు చూసేవాళ్లం, గాజులమ్మే ఆమె చీర కుచ్చిళ్లు ఎత్తి చూసి నేను ఒకసారి వీపు విమానం మోత మోగించుకున్నాను కూడా. కానీ మూసిన తలుపు అవతల కాళ్లెలా కనబడతాయి? ఊరంతా చేలల్లో ఉన్న మిట్టమధ్యాహ్నం ఆమె వచ్చి, ఇంట్లోవాళ్లకు ప్రాణమైన మనిషి గొంతుతో పిలిచేదట, నమ్మి పలికినవాళ్లు ఆమె వెంట పోయి మళ్లీ తిరిగి వచ్చేవారు కాదట. అయితే ఆమె రెండుసార్లే పిలవగలదు, మూడోసారి ఆమెకు గొంతు రాదు. కాబట్టి ఎవరు పిలిచినా మూడో పిలుపు దాకా పలకకూడదన్నది మా ఇంటి కట్టడి.

ఆ కట్టడి పెట్టింది మా నాయన తల్లి, మేం బాపమ్మ అనేవాళ్లం. ఆ ఎండాకాలం పక్కింటి పెద్దనాయన కొడుకు చెరువులో శవమై తేలాడు, ముందురోజు మధ్యాహ్నం ఎవరో పిలిస్తే ఒక్క పిలుపుకే పలికి లేచిపోయాడని వాళ్లమ్మ గుండెలు బాదుకుంది. అప్పటినుంచి ఊళ్లో పగటిపూట కూడా తలుపులు మూసే ఉండేవి.

మా మేనత్త అప్పుడు తొలిచూలు పురిటికి మా ఇంటికి వచ్చి ఉంది. ఎనిమిదో నెల. బాపమ్మకు ఒక్కగానొక్క కూతురు, కడుపులో బిడ్డ ఆడదైతే తన తల్లి పేరే పెట్టాలని బాపమ్మ ముందే మాట తీసుకుంది. ఆరోజు అన్నం తిన్నాక అత్త అర్రలో నడుము వాల్చింది, అమ్మానాయన చేనుకు పోయారు, బాపమ్మా నేనూ ముందు గదిలో చింతపండు గింజలు తీస్తున్నాం. పెరటివైపు నుంచి అత్త గొంతు, అమ్మా అని వినిపించింది. నేను లేచి పెరటి తలుపు దాకా పరుగెత్తాను, గొళ్లెం మీద చేయి వేశాను. బాపమ్మ వచ్చి నా రెక్క పట్టుకుంది. అత్త అర్రలో పడుకుని ఉంటే బయటినుంచి ఆమె గొంతు ఎలా వస్తుంది? మా ఇద్దరి మనసులోనూ అదే మెదిలింది. రెండోసారి పిలుపు వచ్చింది, మొదటిదానికంటే సన్నగా, అచ్చం అత్తే అన్నట్టు.

"పలుకకు బిడ్డా. ఇంకోసారి పిలువనియ్యి," అంది బాపమ్మ నా చెవిలో.

మూడో పిలుపు రాలేదు. బాపమ్మ చేతులెత్తి దేవుడికి దండం పెట్టుకుంది. అర్ర తలుపు మాకు పది అడుగుల దూరంలో ఉంది, ఒక్కసారి తోసి చూసినా సరిపోయేది. నాకెందుకు తోచలేదో ఇన్నేళ్లుగా నన్ను నేను అడుగుతూనే ఉన్నాను.

చాలాసేపటికి నాయన పెరటి దారిన వచ్చి పెట్టిన కేకకు తలుపు తీశాం. మేం చింతపండు ముందు తలవంచుకుని ఉన్నప్పుడు అత్త చప్పుడు చేయకుండా లేచి, అర్రకే ఉన్న పక్క తలుపు తీసుకుని నీళ్లకు పోయినట్టుంది, పెరట్లో బావి దగ్గర పాకుడు రాయి మీద జారి రక్తపు మడుగులో పడి ఉంది. బండి కట్టి, రోడ్డు మీద లారీ ఆపి, వరంగల్ పెద్ద దవాఖానకు చేర్చారు. అత్త బతికింది. బిడ్డ దక్కలేదు, మళ్లీ ఆమెకు కడుపు పండనూ లేదు.

కళ్లు తెరిచాక ఆమె అడిగిన మొదటి మాట నాకు గుర్తుంది. "రెండుసార్లు పిలిస్తినే అమ్మా, ఇనపడలేదా?"

"లేదు బిడ్డా. నాకు చెవులు మంచిగ ఇనపడుతలెవ్వు," అంది బాపమ్మ, నా వైపు చూడకుండా.

చీమ చిటుక్కుమన్నా వినే మనిషి ఆమె. ఆ ఒక్క మాటను నిలబెట్టుకోవడానికి చచ్చిపోయేదాకా కూతురు ముందు చెవిటిదానిలాగే బతికింది. అత్త వచ్చినప్పుడల్లా ఏమిటి, ఏమిటి అని అడిగేది, అత్త గొంతు పెంచి మళ్లీ చెప్పేది. అసలు సంగతి నేనూ అత్తకు చెప్పలేదు.

బాపమ్మ పోయిన చాలాకాలానికి, ఎనభైల్లో, నా మొదటి కాన్పుకు అత్తే వచ్చి చేసింది. ఒకరోజు నా బిడ్డను కాళ్ల మీద వేసుకుని నీళ్లు పోస్తూ, మామూలు మాట చెప్పినట్టే చెప్పింది.

"ఆరోజు నీ పట్టగొలుసుల సప్పుడు ఇనపడ్డది నాకు. తలుపు కాడిదాక ఉరికొచ్చి ఆగింది. అప్పుడే తెలిసింది, నన్ను కామిని అనుకున్నరని. మూడోసారి పిలుద్దామని మస్తు జూసిన. గొంతు రాలే."

నేను ఏడ్చాను. ఆమె ఏడవలేదు. బాపమ్మకు చెవులు బాగానే ఉన్నాయని తనకు తెలుసట, కానీ ఆ సంగతి తనకు తెలుసని బాపమ్మకు తెలిస్తే బతకదని గట్టిగా మాట్లాడేదట. తర్వాత నా బిడ్డ ఒళ్లు తుడిచి సాంబ్రాణి పొగ వేసింది.

ఇప్పుడు అత్త లేదు. ఆ బావి పూడ్చి ఎవరో ఇల్లు కట్టారు, మా పల్లెకు కాలేజీ బస్సులు వస్తున్నాయి, కామిని పేరు చెబితే పిల్లలు నవ్వుతారు. తలుపు బయట నిలబడి పేరు పెట్టి పిలిచేవాళ్లే కరువయ్యారు, ఇప్పుడు మేముండే అపార్ట్‌మెంటుకు వచ్చేవాళ్లంతా కింద నుంచి ఫోన్ చేస్తారు. కోడలు చెప్పింది నిజమే కావచ్చు, ఏదో ఒకరోజు నేను మోసపోవచ్చు కూడా. అయినా ఫోన్ మోగితే రెండోసారి మోగేదాకా ఆగడం నావల్ల కావడం లేదు. ఎత్తి, అవతల ఎవరో తెలియకముందే, పలుకుతున్నా బిడ్డా, చెప్పు అంటాను.