పాప టాబ్ మీద నా ఫిర్యాదు

మా పాపకు మూడేళ్లు నిండిన రోజున మా బామ్మర్ది కరీంనగర్ నుంచి ఒక టాబ్ తెచ్చాడు. నీలం రంగు రబ్బరు తొడుగు, టిఫిన్ డబ్బాకు ఉన్నట్టు పైన ఒక పిడి. కింద పడినా పగలదని చెప్పి, నేను వద్దంటున్నా వినకుండా మా ముందు గదిలో గచ్చు మీద పడేసి చూపించాడు. పగలలేదు గానీ, ఆ చప్పుడుకు పాప ఉలిక్కిపడి వాళ్ల అవ్వ కొంగు పట్టుకుంది. మా దిక్కు తల్లినే అవ్వ అంటాం.

నేను దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాను. "దీనికి కెమెరా ఎందుకురా?"

"ఫోటోలు దింపెతందుకు బావా."

"మూడేండ్ల పిల్ల ఎవల ఫోటో దింపుతది?"

"నీదే దింపుతది. పోలీసోళ్లకు పంపుతది." నవ్వి మా ఆవిడ వైపు తిరిగాడు. "అక్కా, ఈయనతోని ఎట్ల ఏగుతున్నవే? బావా, గిది పిల్లల కోసమే జేసిండ్రు. నీకు సమజ్ గాదు తియ్యి."

సమజ్ గాదు. ఆ మాట ఇప్పటికీ నాలో అలాగే ఉంది. మా పెళ్లిలో ఇదే బామ్మర్ది నా చేతికి పెట్టిన వాచీ వారం తిరక్కుండా ఆగిపోయింది. అడిగితే, "బావ ఒంట్ల వేడెక్కువ, వాచీ ఓర్సుకోలే" అన్నాడు పదిమందిలో. అలాంటి చేతి నుంచి వచ్చిన వస్తువును నేనెలా నమ్ముతాను?

స్విచ్ వేయగానే టాబ్ పాప పేరు అడిగింది. పుట్టిన తేదీ అడిగింది. మేం ఎక్కడుంటామో చూడనిమ్మంది, మా మాటలు విననిమ్మంది. మా పెళ్లి సంబంధం మాట్లాడటానికి వచ్చినవాళ్లు కూడా ఇన్ని అడగలేదు. నేను పాప పేరుకు బదులు పక్క క్వార్టర్ వాళ్ల మేక పేరు కొట్టాను. పుట్టిన తేదీ తోచింది వేశాను. కెమెరా మీద మా ఆవిడ బొట్టుబిళ్ల ఒకటి అతికించాను. ఆనాటి నుంచి ఎప్పుడు తెరిచినా తెర మీద ఆ మేకకే స్వాగతం వచ్చేది. కంపెనీకి ఫోన్ చేసి ఇవన్నీ ఎందుకు అడుగుతున్నారని నిలదీస్తే, ఒకామె హిందీలో ఏం ఫికర్ పడొద్దని చెప్పి పెట్టేసింది. ఫికర్ పడొద్దన్నవాళ్లంటేనే నాకు ఎక్కువ ఫికర్.

మాది నస్పూర్‌లో క్వార్టర్. నేను శ్రీరాంపూర్ వైపు బొగ్గు బాయిలో పనిచేస్తాను. నైట్ షిఫ్ట్ వారం వచ్చిందంటే పొద్దున ఇంటికి చేరి, ఇంత తిని, కిటికీకి పాత దుప్పటి కట్టి పడుకుంటాను. మా వరసలో ఏ ఇంట్లో మగమనిషి పగలు నిద్రపోతున్నాడో అందరికీ తెలుసు. ఆ ఇంట్లో కుక్కర్ పెట్టరు, బట్టలు బండ మీద బాదరు. కూరగాయలు అమ్మే అతను కూడా ఆ తలుపు ముందు నుంచి అరవకుండా బండి తోసుకుపోతాడు. నిద్ర చాలని మనిషి బాయిలోకి దిగితే ఏమవుతుందో ఇక్కడ ఎవరికీ విడమర్చి చెప్పక్కర్లేదు.

టాబ్ వచ్చాక నేను నైట్ షిఫ్ట్ వారాల్లో ఇదివరకెన్నడూ లేనంత హాయిగా పడుకున్నాను. పాప ఉందో లేదో తెలిసేది కాదు. మొదట సంతోషపడ్డాను, తర్వాత అనుమానం వచ్చింది. ఇంత నిశ్శబ్దం ఊరికే రాదు.

నేను లేచి చూసేసరికి పాప మూల కూర్చుని, ఒళ్లో టాబ్ పెట్టుకుని ఉండేది. వెనక నుంచి పిలిస్తే తిరిగేది కాదు. ఏదైనా కావాలంటే చెయ్యి పట్టి లాక్కెళ్లి చూపించేది. దాని ఈడు పిల్లలు వాకిట్లో తగాదాలు పెట్టుకుని ఒకరి మీద ఒకరు చాడీలు చెబుతుంటే, మా పిల్ల నోట నాలుగు ముక్కలు కలిపి రావు. ఒకరోజు అంగన్‌వాడీ టీచర్ నన్ను ఆపింది.

"అన్నా, పాప అన్నీ సైగలే జేస్తుంది. ఒక్కపారి చెవులు చూపియ్యరాదు?"

నేను గేటు దాటకముందే ఆమె లోపల ఆయాతో అన్న మాట కూడా విన్నాను. "ఆయన మాటలల్ల సగం పిల్లకు పెట్టినా సరిపోతుండె." ఆ మాటకు జవాబు మరో రోజు చెప్పాలని ఊరుకున్నాను. పిల్లకు వినబడదేమో అన్న మాట అంతవరకు నేను మనసులో కూడా అనుకోలేదు.

లెక్క సరిపోయిందనిపించింది. టాబ్ వచ్చిన రోజు దాని చప్పుడుకే ఉలిక్కిపడిన పిల్ల ఇప్పుడు పిలిస్తే పలకడం లేదు. మధ్యలో వచ్చింది టాబ్ ఒక్కటే. పైగా దాని నుంచి నాకెప్పుడూ ఏ శబ్దమూ వినబడలేదు. పెద్దవాళ్ల చెవికి ఆనని సన్నని కూత ఏదో అది పొద్దంతా పిల్ల చెవిలో పోస్తోందని నాకు గట్టిగా అనిపించింది.

మా ఆవిడనూ పాపనూ తీసుకుని కరీంనగర్ బస్సెక్కాను. ముందు టాబ్ కొన్న షాపు, తర్వాత చెవుల డాక్టర్. మా ఆవిడ ఫోన్ చేసిందేమో, మా బామ్మర్ది షాపు ముందే నిలబడి ఉన్నాడు.

షాపతను నా ఫిర్యాదంతా విన్నాడు. "అన్నా, పిల్లల మాడల్ ఇది. ఒక హద్దు దాటి సౌండే పెరగదు. చెవులెట్ల ఖరాబైతయి?"

"పెరిగే సౌండ్ గురించి కాదు నేను చెప్పేది. వినబడని సౌండ్ గురించి."

"వినబడనిది సౌండెట్లయితది అన్నా?"

"గదే అడుగుతున్న. మీరే చెప్పాలె."

"బావా, జర ఊకో," అన్నాడు బామ్మర్ది. "షాపుల ఇజ్జత్ తియ్యకు."

షాపతను టాబ్ తెరిచాడు. ఏదో నొక్కి, "ఇగో, సౌండ్ మొత్తానికే బంద్ జేసి పెట్టిండ్రు," అంటూ పెంచాడు. షాపంతా వినబడేలా పాట మొదలైంది. వాళ్ల అవ్వ చంకలో ఉన్న పాప ఒక్కసారిగా కిందికి జారి, కౌంటర్ మీదికి ఎగబాకి, మీట నొక్కి పాట ఆపేసింది. నొక్కడానికి వెతుక్కోలేదు. వేలు దానంతటదే అక్కడికి వెళ్లింది. తర్వాత అదే వేలు పెదవుల మీద పెట్టుకుని, షాపతన్ని చూస్తూ గుసగుసగా అంది.

"సప్పుడు జెయ్యకు. బాపు పండిండు."

నేను పక్కనే నిలబడి ఉన్నాను.

షాపతను నా వైపు చూశాడు. మా బామ్మర్ది పాపను కౌంటర్ మీద నుంచి దింపాడు.

బయటికి వచ్చాక మా ఆవిడను అడిగాను. "ఎవలు నేర్పిండ్రు దీనికి?"

"నేనే నేర్పిన. నీకు నిద్ర సాలకుంటే బాయిల ఏమైతదోనని నా పాణం కొట్టుకుంటది."

"నేను పండుకున్నప్పుడు గదా ఊకోమన్నది. లేచినంక గాదు."

"నువ్వెప్పుడు లేస్తవో దానికేం ఎర్క? నువ్వు ఇంట్ల ఉన్నవంటే పండినవనే అనుకుంటది."

చెవుల డాక్టర్ పరీక్ష చేసి, వినికిడికి ఏ లోపమూ లేదన్నాడు. టాబ్ పక్కన పెట్టి, పిల్లతో ఇంట్లో అందరూ గొంతెత్తి మాట్లాడమన్నాడు. టాబ్ వల్లే ఇలా అయిందని కాగితం మీద రాసివ్వమన్నాను. రాయనన్నాడు. మూడేళ్ల పిల్ల రోజంతా శబ్దం ఆపి చూస్తుంటే, మా ఊరూ పేరూ అన్నీ తెలుసుకోవాలనుకున్న ఆ యంత్రం ఇదేమిటని ఒక్కసారైనా అడగాలి కదా అన్నాను. ఆయన తర్వాతి పేషెంట్‌ను పిలిచాడు.

మళ్లీ నైట్ షిఫ్ట్ వారం వచ్చింది. పొద్దున వచ్చి పడుకునే ముందు తలుపు తెరిచే ఉంచాను. కుక్కర్ పెట్టుకోమన్నాను.

"వద్దు. రేపు గిదే మాట పట్టుకుని ఏండ్లకేండ్లు సతాయిస్తవు," అంది మా ఆవిడ.

"సతాయియ్య. పెట్టు."

ఆమె నమ్మలేదు గానీ పెట్టింది. కాసేపటికి పాప మునివేళ్ల మీద వచ్చి మంచం పక్కన నిలబడి నా ముఖంలోకి చూసింది. నా కళ్లు తెరిచే ఉన్నాయి. అయినా వెనక్కి తిరిగింది.

"ఎటు పోతున్నవ్ బిడ్డా? నేను పండుకోలే. ఏందో చెప్పు."

ఏదో గొణిగింది.

"ఇనబడ్తలేదు. పెద్దగ చెప్పు."

వంటింటి వైపు ఒకసారి చూసింది. కుక్కర్ కూత వేసింది. ఆ కూతను మించి, పక్క క్వార్టర్‌కు వినబడేంత గట్టిగా అరిచింది.

"అవ్వ నా టాబ్ దాసింది బాపూ!"

దాచింది నేను. బీరువా మీద, సూట్‌కేసు వెనకాల. ఆ మాట పాపతో చెప్పలేదు. లేచి కూర్చుని, పాపను మంచం మీదికి ఎక్కించుకుని, "ఇంకేం జేసిందే అవ్వ?" అని అడిగాను.