పరదా కట్టిన లారీ

నా చిన్నప్పుడు మా ఇంట్లో పరదా కట్టింది ఆడవాళ్ళకు కాదు, ఒక పాత లారీకి. దోహాలో ఇప్పుడు ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ అంటున్న చోట, మూడు కుటుంబాలు పంచుకున్న ఒక విల్లా వెనక వాకిట్లో, మా అమ్మ పాత చీరలు నాలుగు వైపులా తాళ్ళకు వేలాడుతూ ఉండేవి. వాటి నడుమ ఆ లారీ ఉండేది. దాని కింద వెల్లకిలా పడుకొని మా బాపు ఉండేవాడు. ఆయన నేలమీద పడుకోవడం, చేతులకు మడ్డి అంటించుకోవడం పరాయివాళ్ళు చూడకూడదు. అందుకే ఆ పరదా.

మాది కరీంనగర్ జిల్లాలో ఒక దొరల గడి. ఎత్తయిన ప్రహరీ, లోపలికి ఎడ్లబండి నేరుగా పోగలిగేంత దర్వాజా ఉండేవి. ఆ గడి గురించి ఊరివాళ్ళు చెప్పే కథలు వేరే ఉన్నాయి. అవి అబద్ధాలని నేను అనను. నాకు ఊహ తెలిసేసరికే భూములు పోయాయి. మిగిలిన ఒక్క ఇల్లు కోర్టు తీర్పుతో మా బాపు చిన్నాయన కొడుకుకు దక్కింది. వరుసకు ఆయన నాకు చిన్నాయన. మేము పక్క ఊళ్ళో పెంకుటింట్లో అద్దెకు చేరాము. అక్కడే మా నాయనమ్మ కన్నుమూసింది. కోడలిగా అడుగుపెట్టిన వాకిట్లో ఆమెను ఒక్క ఘడియ దించి, ఆ మీదట తీసుకుపోదామని మా బాపు పాడెను గడి ముందుకు తెచ్చాడు. చిన్నాయన దర్వాజా తీయించలేదు. లోపల మనుషుల మాటలు వినిపిస్తూనే ఉన్నాయి. ఎండలో, బండ్లు పోయే దారిలో, దుమ్ములో దించారు మా నాయనమ్మను. మా బాపు తలుపు కొట్టలేదు.

చమురు ధర పెరిగి, గల్ఫ్‌లో ఎటు చూసినా పునాదులు తవ్వుతున్న రోజులవి. మా బాపు ఖతర్‌లో ఒక కట్టడాల కంపెనీలో స్టోర్ కీపర్‌గా చేరి, కొంతకాలానికి అమ్మనూ నన్నూ రప్పించుకున్నాడు. ఊళ్ళో మాత్రం అందరూ మేము దుబాయ్ పోయామనే చెప్పుకున్నారు. మరుసటి ఏడు అదే కంపెనీకి ట్రాన్స్‌పోర్ట్ ఇన్‌చార్జిగా చిన్నాయన దిగాడు. గడి దక్కింది గానీ, గడి కూడు పెట్టలేదు. అక్కడ ఆయనకు కంపెనీ కారు ఇచ్చింది. మా బాపు కంపెనీ బస్సులో నిలబడి వచ్చేవాడు. ఆ బస్సు ఏ వేళకు ఎక్కడ ఆగాలో చెప్పేది చిన్నాయనే.

ఒక శుక్రవారం దోహాలోనే ఫరీజ్ బిన్ మహమూద్ అనే పేటలో మా జిల్లావాళ్ళ ఇంట్లో విందు. నలభై యాభై మంది పరిచిన చాపల మీద కూర్చొని తింటున్నారు. ఎవరో మా బాపును ఎట్లా వచ్చారని అడిగారు. ఆయన జవాబు చెప్పేలోపే చిన్నాయన అందుకున్నాడు.

“మా అన్న బస్సుల నిలవడి వస్తున్నడు. నాకే సిగ్గయితున్నది. యార్డుల ఒక లారీ ఉన్నది, తీస్కపోన్నా. అచ్చం మన గడి లెక్కనే. నిలవడుతది, నడువది.”

చాపల మీద ఆ కొసనుంచి ఈ కొసదాకా నవ్వు పాకింది. మా బాపు ముద్ద పూర్తిచేశాడు. లేచి చెయ్యి కడుక్కొని వచ్చి, “పంపియ్యి తమ్మీ” అన్నాడు. అంతే.

లారీని క్రేనుతో తెచ్చి మా వాకిట్లో దించిపోయారు. తొలినాళ్ళలో చమురు వెతికేవాళ్ళు ఎడారిలో తిప్పిన బండి అది. నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే రకం. కంపెనీ దాన్ని ఎప్పుడో పనికిరాని సరుకు కింద లెక్కలోంచి కొట్టేసింది. సముద్రపు గాలి ఉప్పు తగిలి తలుపులు జల్లెడ అయిపోయాయి. సీట్ల స్పంజిలో పిల్లులు ఈనిన జాడలున్నాయి. అమ్మ దాని చుట్టూ ఒకసారి తిరిగి, “పరాచికానికి అన్నదాన్ని ఇంటికి తెచ్చుకుంటరా ఎవలన్న?” అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మా బాపు ఇస్త్రీ చొక్కా గుండీలన్నీ పెట్టుకొనే దాని బానెట్ ఎత్తాడు.

ఆయనకు ఆ విద్య ఎక్కడిదో నాకు అప్పుడు తెలిసింది. గడిలో వేటకు తిప్పే జీపు ఒకటి ఉండేదట. దొరబిడ్డ బండి ఎక్కాలిగానీ బండి కిందికి దూరకూడదు. అందుకని తాత నిద్రపోయే వేళ కొట్టం తలుపులు మూసుకొని, దాన్ని విప్పి, మళ్ళీ బిగించేవాడట. ఆ అలవాటే చీరల పరదా అయింది. పక్క వాటాలో ఉండే, మేము ఖాలా అని పిలిచే హైదరాబాదు ఆవిడకు మాత్రం అది పెద్ద వేడుక. ఒకరోజు గోడ మీదినుంచి తొంగి చూసి, “అరే బేటీ, మా ఇంట్ల పరదా తీసేసిన్రు, మీ ఇంట్ల లారీకి కట్టిన్రు! మీ దొరసాని మొహం మాకు ఎప్పుడు చూపిస్తరు జీ?” అంది. ఆ రోజు నుంచి ఆ లారీ పేరు దొరసాని. మా బాపు కూడా కాదనలేదు.

చలికాలంలో మొదలుపెట్టిన పని మరో చలికాలం దాకా సాగింది. ప్రతి సాయంత్రం డ్యూటీ నుంచి రాగానే ఆయన పరదా లోపలికి పోయేవాడు. నట్లు కదలకపోతే డీజిల్ పోసి ఓపిగ్గా నానబెట్టేవాడు. కొట్టి తీయడం ఆయనకు నచ్చదు. చిన్న చిన్న సామాన్లకు పట్టిన తుప్పు వదిలించే పని నాది. మా దగ్గర ఇత్తడి బిందెలు తోమినట్టే, వాటిని టబ్బులో చింతపండు నీళ్ళలో వేసి కొబ్బరి పీచుతో తోమాలి. ఊరి నుంచి ఎవరెవరి పెట్టెల్లోనో వచ్చిన చింతపండు అది. అమ్మ గుండె తరుక్కుపోయేది. “పచ్చిపులుసుకు లేదు గని, దొరసానికి తానమా?” అనేది. అంటూనే ఇంకో ఉండ తెచ్చి టబ్బులో వేసేది. ఆమె కూడా మరిచిపోలేదన్నమాట. పాడె దించిన చోట ఆమె కూడా ఉంది.

నేను ప్రతి నట్టునూ చిన్నాయన వేలనుకొని తోమేదాన్ని. వైరు బ్రష్షు పట్టి తలుపు గీకేటప్పుడు మా బాపు దవడ బిగుసుకునేది. ఆయన ఎవరి ముఖం గీకుతున్నాడో నాకు తెలుసు. మేమిద్దరం ఆ మాట ఎన్నడూ అనుకోలేదు, కానీ నా జీవితంలో మా బాపుకు నేను అంత దగ్గరగా ఉన్న కాలం మరొకటి లేదు. పగ కూడా ఇద్దరు మనుషులను ఒక చోట కూర్చోబెడుతుంది. దాన్ని నేను చిన్నచూపు చూడను.

ఇంజను బిగుసుకుపోయి ఉంది. ప్లగ్గులు తీసి, ఆ కంతల్లో డీజిల్ పోసి, రోజూ హ్యాండిల్ పట్టి తిప్పి చూసేవాడు. ఒక శుక్రవారం అది వేలెడంత కదిలింది. మా బాపు లేచి నిలబడి, చొక్కా సరిచేసుకొని, మళ్ళీ కూర్చున్నాడు. ఆపై కొన్ని వారాలకు అది దగ్గి, తుమ్మి, ఒక్కసారి గర్జించింది. నల్లటి పొగకు చీరలు తెరచాపల్లా ఎగిరాయి. ఖాలా పరుగెత్తుకొచ్చి “మాషా అల్లా!” అంటూ నన్ను ఎత్తుకుంది. ఇప్పుడే చిన్నాయన ఇంటి ముందు నిలబెట్టి హారన్ కొడదామన్నాను. మా బాపు చేతులు తుడుచుకుంటూ, “పిలువనీ బిడ్డా. పిలువని ఇంటికి మనం పోం” అన్నాడు.

పిలుపు చిన్నాయన నోటినుంచే వచ్చింది. చలికాలం సెలవు రోజున కంపెనీ కుటుంబాలన్నీ ఉత్తరాన అల్ ఖోర్ ఊరు దాటి సముద్రపు ఒడ్డుకు పోవాలని ఏర్పాటు చేసింది ఆయనే. మా అన్న కూడా రావాలి, బస్సులో చోటుంటుంది అని కబురు పెట్టాడు. మేము దొరసానిలో వెళ్ళాము. ఆకుపచ్చ రంగు వేసి ఉంది అది. బస్సు కిటికీల్లోంచి మా జిల్లా మేస్త్రీలు తలలు బయటపెట్టి చూశారు. చిన్నాయన కారు ఆపి, “దొరసాని బయటికెల్లిందే! మధ్యల ఆగితె చెప్పన్నా, తాడు పంపుత” అని నవ్వి ముందుకు పోయాడు.

ఒడ్డుకు పోయే బాట చుట్టూ తిరిగి ఉంటుంది. మధ్యలో తెల్లగా, చదునుగా, పెళ్ళి పందిరి వేయొచ్చుననిపించేంత నేల ఉంది. పైన ఉప్పు పెచ్చు, దాని కింద బురద. సబ్ఖా అంటారు అక్కడివాళ్ళు. మా బాపు దాని అంచున లారీ ఆపి దిగి, నాలుగడుగులు నడిచి, మడమతో తొక్కి చూసి వెనక్కి వచ్చాడు. “చుట్టు తిరిగి పోదాం” అన్నాడు. చిన్నాయన కారులోంచి, “మా అన్నకు బుగులు!” అని కేకవేసి అడ్డంగా తోలాడు. నడుమకు పోయాక పెచ్చు పగిలింది. ఆయన ఎక్సలరేటర్ తొక్కినకొద్దీ చక్రాలు లోతుకు పోయాయి. కారు పొట్ట నేలకు ఆనింది. అటువైపు నుంచి పోటు నీళ్ళు మెరుస్తూ పాకి వస్తున్నాయి. కారులో చిన్నమ్మ, ఆయన ఇద్దరు పిల్లలు. మిగతా కార్లవాళ్ళు ఎవరూ అడుగు ముందుకు వేయలేదు.

నాకు కడుపు నిండినట్టయింది. అదే మాట చెబుతున్నాను, దాచను. ఇప్పుడు మా బాపు చేతులు కట్టుకొని నిలబడతాడు, చిన్నాయన ఆ బురదలోంచే దండం పెడతాడు, మా బాపు నాయనమ్మ మాట అడుగుతాడు, జవాబు వచ్చేదాకా తాడు ఇవ్వడు. నా మనసులో అంతా అయిపోయింది.

మా బాపు నన్ను చూడనేలేదు. టైర్లలో గాలి కొంత తీసి, వెంట తెచ్చిన చెక్కలు పరిచి, గట్టి నేల ఉన్నంతవరకు దొరసానిని వెనక్కి తోలాడు. పాలిష్ చేసిన బూట్లతోనే బురదలో దిగి నడిచాడు. ముందు పిల్లలను భుజాన వేసుకొని తెచ్చి లారీలో కూర్చోబెట్టి నీళ్ళు ఇచ్చాడు. తరువాత చిన్నమ్మను నడిపించుకొచ్చాడు. అప్పుడు తాడు కట్టాడు. చిన్నాయనతో అన్నది ఒకే ముక్క, “స్టీరింగు సీదా పట్టు.” దొరసాని మూలిగింది, వణికింది, అంగుళం అంగుళంగా ఆ కారును గడ్డకు లాగింది. నేను ఏడుస్తున్నాను. బస్సులోంచి దిగినవాళ్ళు భయపడి ఏడుస్తున్నాననుకున్నారు. నాది కోపం. చేతికి చిక్కినవాణ్ణి వదిలేశాడని.

గడ్డ మీద అందరూ చుట్టూ మూగారు. మోకాళ్ళ దాకా బురదతో చిన్నాయన దిగి వచ్చి చేతులు జోడించాడు.

“అన్నా, మాఫ్ జెయ్యే.”

“దేనికి?”

“గదే… బండి గురించి అన్న మాటకు.”

“గా మాట నేను ఎన్నడో మర్సిన. ఇంకేమన్న ఉన్నదా?”

చిన్నాయన చుట్టూ చూశాడు. అందరూ మా జిల్లావాళ్ళే. ఆయన కింద పనిచేసేవాళ్ళే. నేలను చూస్తూ, “పెద్దమ్మను… దర్వాజల దించనియ్యలే” అన్నాడు.

“అందరికి ఇనవడాలె.”

మళ్ళీ చెప్పాడు. ఈసారి వినపడింది. ఒక ముసలి మేస్త్రీ తల రుమాలు తీసి చేతిలో పట్టుకున్నాడు. అప్పుడు మా బాపు అన్నాడు, “మాఫీ.”

చిన్నాయన భోరుమన్నాడు. మా బాపు రెండు చేతులూ పట్టుకొని, “మా అన్న దేవుడు!” అని అందరికీ చెప్పబోయాడు. మా బాపు ఒక్కొక్క చెయ్యే విడిపించుకున్నాడు.

“మనూరి మాఫీ గాదు తమ్మీ. నేన్ జెప్పింది ఇక్కడి మాఫీ.”

మా వైపు మాఫీ అంటే క్షమాపణ. ఆ దేశంలో మాఫీ అంటే లేదు. దుకాణంలో సరుకు లేకపోయినా, క్యాంపులో నీళ్ళు రాకపోయినా, పని లేదని గేటు దగ్గర తిప్పి పంపినా అదే మాట. అక్కడ నిలబడ్డ ప్రతి మనిషీ రోజూ వినేదే. అందరికీ ఒకేసారి అర్థమైంది. ఎవరూ నవ్వలేదు.

తిరుగు ప్రయాణంలో అడిగాను, బురదలో ఉన్నప్పుడే ఎందుకు అడగలేదని. గేరు మారుస్తూ చెప్పాడు. “బురదల ఉన్నోడు ఏదైన అంటడు బిడ్డా. దానికి ఇలువ లేదు. గడ్డమీద నిలవెట్టి అడగాలె. బండి గుంజుడు మన మర్యాద. మాఫీ ఇచ్చేది మా అమ్మ. ఆమె లేదు.”

తరువాతి వారం నుంచి కంపెనీ బస్సు మా వీధి మలుపులో ఆగలేదు. మా బాపు దొరసానిలోనే డ్యూటీకి పోయాడు. అమ్మ చీరలు దించి, ఉతికి, మడతపెట్టింది.

ఇదంతా జరిగి ఎన్నో ఏళ్ళయింది. సాయం అడిగి నా దగ్గరకు వచ్చినవాళ్ళను, శత్రువైనా సరే, నేను ఉత్త చేతులతో పంపలేదు. క్షమించమన్నవాళ్ళను మాత్రం అందరినీ క్షమించలేదు. ఈ రెండూ ఒకటే అనుకొని చాలామంది, మనసు రాకపోయినా క్షమించేస్తారు, లేదా కోపంతో సాయం మానేస్తారు. నేను రెండు పొరపాట్లూ చేయకుండా బతకగలిగానంటే, అది ఆ ఉప్పు నేల మీద నేర్చుకున్నదే.

మా బాపు పోయిన తరువాత చిన్నాయన హైదరాబాదులో ఆసుపత్రి పాలయ్యాడు. రక్తం కావాలని, ఇంట్లో ఎవరిదీ కలవలేదని కబురొచ్చింది. నాది కలిసింది, ఇచ్చాను. ఆ తరువాత మంచం పక్కన కూర్చుంటే ఆయన నా వైపు తిరిగి, “అన్న అననే లేదు. నువ్వన్న ఆ ఒక్క మాట అను బిడ్డా” అన్నాడు. నేను లేచి, ఆయన కాళ్ళ దాకా జారిన దుప్పటి గుండెల మీదికి కప్పాను. ఇంకా రక్తం అవసరమైతే ఏ వేళకైనా నాకే ఫోన్ చేయమని నర్సుకు చెప్పి, వచ్చేశాను.