నల్ల రేకు మీద అమ్మ వేలిముద్ర

శుక్రవారం పొద్దున మా ల్యాబ్ సార్ ముందు అబద్ధం చెప్పేస్తానేమోనని భయమేసి ఇప్పుడే రాస్తున్నాను.

వనపర్తిలో మా కాలేజీ ల్యాబ్‌లో, అంతరిక్షంలో వాడబోయే ఒక నల్లటి నానో పూతను పరీక్షిస్తున్నాం. పూత వేసిన రేకు అరచేయంత ఉంటుంది. మాడ్చే వేడిని, గడ్డకట్టే చలిని, గాలే లేని పెట్టెను తట్టుకుంది. వెలుగంతా మింగేస్తుంది కాబట్టి చూడటానికి రేకులా కాదు, గొయ్యిలా ఉంటుంది. ఈ రోజు మా ఊరు లింగాల నుంచి అమ్మ వస్తే గొప్పగా డబ్బా మూత తీసి చూపించాను.

"డబ్బాల బాయి పెట్టిన్రా బిడ్డా? అడుగు కనపడ్తలేదు."

"బావి కాదమ్మా, రేకే. ముట్టకు!"

అప్పటికే వేలు పెట్టేసింది. తగిలిన చోట పూత నలిగింది. కూలి పనులకు అరిగిపోయి, రేషన్ దుకాణం మిషన్‌లో ఏనాడూ పడని ఆమె వేలిముద్ర ఆ చీకట్లో గీత గీతగా తేలింది, లోపలి నుంచి ఎవరో అద్దినట్టు.

అమ్మ తన వేలు చూసుకుంటూ మెల్లగా అంది: "అడుగుదాంక పోలే బిడ్డా. నడుమలనే ఎవరిదో ఏలు తగిలింది."

మూత పెట్టేశాను. మళ్లీ తీయలేదు.

రేకును శుక్రవారం పంపాలి. పూత చెడకుండా ముద్ర పోగొట్టే దారి తెలిసినవాళ్లు గురువారం సాయంత్రంలోపు చెప్పండి. దారి లేకపోతే, అది ఎవరి వేలిముద్ర అని సార్‌కు చెప్పాలో అదైనా చెప్పండి.