డ్రమ్ముల చొక్కా

ప్రొద్దుటూరులో సైకెడెలిక్ రాక్ బ్యాండు ఒకటుందంటే ఆ ఊరివాళ్ళే నమ్మరు. పెళ్ళికి పిలిచినవాళ్ళు ఇరవై నిమిషాల పాట మధ్యలో వచ్చి, "ఇంగా మొదలుపెట్టలేదా అప్పా?" అని అడుగుతారు. అందులో డ్రమ్ములు వాయించే అన్సర్ పగలంతా టైలరు. మిషన్‌కు మోటారు పెట్టించుకోమంటే, కాలు తాళం మరిచిపోతుందంటాడు. పద్నాలుగేళ్ళ కిందట బ్యాండు పెట్టినప్పుడు, చూస్తే కళ్ళు తిరిగే రంగుల సుడుల గుడ్డ తెచ్చి నాలుగు చొక్కాలు కుట్టాడు. ఇప్పటికీ అవే. మానేసేవాళ్ళు చొక్కా ఇచ్చిపోవాలి. గిటారు చొక్కా లావుపాటి రాజశేఖర్ నుంచి బక్కపల్చటి హర్షకు, అతను మానేశాక పులివెందుల ఆదినారాయణకు వచ్చింది. పాడేవాళ్ళ చొక్కా ఏడుగురిని చూసింది. ప్రతిసారీ అన్సరే కుట్లు విప్పి కొత్త ఒంటికి సరిచేస్తాడు. పాత కుట్ల బెజ్జాలు తడిమి ఏవి ఎవరివో చెబుతాడు. మానేసినవాళ్ళను పల్లెత్తు మాట అనడు. డ్రమ్ముల చొక్కా మాత్రం ఎన్నడూ విప్పలేదు.

మొన్న కుడి మోకాలు వాచింది. ఇది ఇంక తగ్గేది కాదనీ, మోటారు పెట్టినా కాలితో నొక్కాల్సిందే కాబట్టి మిషనో డ్రమ్మో ఒకటే తొక్కమనీ డాక్టరు చెప్పాడు. ఇల్లు గడిచేది మిషన్ మీద. వారం తిరక్కుండా జమ్మలమడుగు నుంచి కొత్త డ్రమ్మరు ప్రసూన వచ్చింది. కొలతకు ఆమె పాత చొక్కా ఒకటి అన్సర్ అడిగి తీసుకుని, తన డ్రమ్ముల చొక్కా కుట్లు విప్పి, రెండు పక్కలా లోపలికి మడిచి కుట్టిచ్చాడు.

"లోపల గుడ్డ శానా మిగిలిందన్నా, ఒరుసుకుంటాంది. కత్తిరించకూడదా?" అంది ప్రసూన.

"ఉండనీ పాపా," అన్నాడు అన్సర్ దారం కొరుకుతూ. "మోకాలు తగ్గినాక మళ్ళా విప్పల్ల గదా."