తమ్ముడు బాలవాడికి... నేను బడికి

మా చిన్నప్పుడు... పట్నం పక్క రాయదుర్గం గుట్టల కాడ పొద్దంతా సుత్తెల చప్పుడే. మా అమ్మ కంకర కొడుతుంటే, నేను తమ్ముణ్ణి ఎత్తుకొని చెట్టు కింద కూసునేదాన్ని. నా ఈడు పిల్లలు బడికి పోతుండిరి... నేను పోతే చంటోణ్ణి ఎవరు చూస్తరు?

ఒకనాడు రాయి పెచ్చు ఎగిరొచ్చి తమ్ముని కనుబొమ్మ చీరుకపోయింది. కన్ను దక్కింది గానీ, అమ్మ మనసు కుదుటపడలేదు.

మా ఊరికొచ్చే గ్రామసేవిక సరోజినమ్మ గారు కోస్తా నుంచి బదిలీ మీద వచ్చిన మనిషి. సర్కారు బాలవాడి పెడితే పగలంతా పిల్లల్ని చూసుకుంటరని, పాలు, ఉప్మా కూడా పెడతరని ఆమెనే చెప్పింది. తను ఎన్నిసార్లు అడిగినా పంచాయతీ సమితి ఆఫీసుల ‘చూద్దాం’ అంటున్నరట.

ఆ మాట విన్న మర్నాడు గుట్ట కాడ సుత్తె లేవలేదు. అమ్మ వెంట కంకర కొట్టే ఆడోళ్లంతా పిల్లల్ని చంకనేసుకొని సమితి ఆఫీసుకు నడిచిన్రు. సరోజినమ్మ గారు కూడా మాతోనే వచ్చింది.

ఆఫీసరు సారు జాగా లేదన్నడు, వచ్చే ఏడాది రమ్మన్నడు. అమ్మ తమ్ముణ్ణి తీస్కపోయి ఆయన బల్ల ముందట కూసోబెట్టింది.

“జాగా దొరికేదాక పిల్లలు ఈడనే ఉంటరు సారూ. మేము పనికి పోతం.”

మిగిలిన తల్లులూ అట్లనే దించిన్రు. ఒకడు బల్ల కిందికి దూరిండు, ఒకడు పరదా గుంజిండు, ఇంకొకడు నడిమిట్లనే ఉచ్చ పోసిండు... సారుకు ముందు కోపమొచ్చింది. తమ్ముడు ఏడుస్తుంటే ఎత్తుకున్నడు. కనుబొమ్మ మీది పుండు చూసి ఏమైందని అడిగిండు. అమ్మ చెప్పింది. సారు సరోజినమ్మ గారి దిక్కు తిరిగిండు.

“ఊర్ల ఖాళీ గది ఏమన్నా ఉందామ్మా?”

“చావిడి ఉందండి. ఎవరో బస్తాలు వేసుకున్నారు,” అన్నది సరోజినమ్మ గారు.

“తీయించండి. బాలవాడి అక్కడే పెడదాం.”

తిరిగొచ్చేటప్పుడు దారి పొడుగునా పాటలే... ఆడోళ్లే చావిడి ఊడ్చి, సున్నం కొట్టిన్రు. మొదటిరోజు తమ్ముడు గుక్కపట్టి ఏడ్చిండు. ఉప్మా గిన్నె ముందటికి రాంగనే నా చెయ్యి ఇడిచిండు. ఇగ నేను ఆగలేదు... బడి దాకా ఒకటే ఉరుకుడు! ఒకటో తరగతిల అందరికన్నా పొడుగు నేనే. అయినా సిగ్గు అనిపించలేదు, రాజ్యం గెలిచినట్టుండె.

ఇప్పుడు ఆ గుట్టల జాగల అద్దాల మేడలు లేచినయి... కొత్త మేడలు కట్టే కూలితల్లుల పిల్లలు ఇసుక కుప్పల మీద ఆడుకుంటుంటే చూసి, నా కాళ్లు ఆగిపోతయి. మీ ఊర్ల బాలవాడి కోసం ఎవరు కొట్లాడిన్రు? యాదికుంటే ఆ తల్లుల పేర్లు ఈ కింద రాయుండ్రి... మా అమ్మ పేరు మల్లమ్మ.